పురానాపూల్ కింద ఎర్ర గీతలు

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు. నగరం కొత్త ఫ్లైఓవర్ల దీపాలతో మెరిసిపోతోందని పత్రికలు రాస్తుండేవి. పురానాపూల్ దిగువన మూసీ ఒడ్డున ఉన్న ఒక బస్తీలో మాత్రం పొద్దు గూకితే కిరసనాయిలు బుడ్డే దిక్కు. జాగాకు కాగితం లేదు కనుక మీటరు ఇవ్వరు. స్తంభం మీంచి తీగ తగిలించుకుంటే ఎవరో వచ్చి కోసేసి పోతారు. ఎండకు కూడా పట్టా కావాలా అని నాకు ఒళ్లు మండిపోయింది. సోలార్ లాంతర్ల గురించి ఒక కరపత్రంలో చదివి, గుడిమల్కాపూర్‌లో మా కాలనీ అంతా తిరిగి చందాలు పోగేసి, మిత్రులతో కలిసి డజను లాంతర్లు కొన్నాను. తీరా బిగించే రోజున మిత్రులకు పరీక్షలు వచ్చాయి. ఆగడం నా వల్ల కాలేదు. ఒక్కణ్ణే బయల్దేరాను. ఇలాంటి పని మీద అటు వెళ్లాలనుకునేవాళ్లు ఆ రోజు ఏం జరిగిందో తెలుసుకుని వెళితే మంచిది.

మామూలుగా వెళ్లేవాళ్లకు అఫ్జల్‌గంజ్ దాకా సిటీ బస్సు, అక్కణ్ణుంచి ఆటో సులువు. నా దగ్గర డబ్బాలు ఉన్నాయి కాబట్టి భోజనం కాగానే ఇంటి దగ్గరే ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవర్ ఖాజా భాయ్ యాభై అడిగితే నలభైకి బేరం తెగింది. కార్వాన్ మీదుగా అరగంట ప్రయాణం.

"ఏంది భాయ్ ఇవి, టీవీలా?" అన్నాడు ఖాజా భాయ్ అద్దంలోంచి చూస్తూ.

"సోలార్ లైట్లండీ. ఎండతో వెలుగుతాయి."

"శ్రావణంల ఎండ ఏడుంది? మబ్బుతోని ఎల్గేటివి తేకపోయినవ్!"

నిజంగానే ఆకాశం నల్లగా కమ్ముకొస్తోంది. వంతెన పక్కన ఏటి వైపు దిగే వాలు దగ్గర అతను బండి ఆపేశాడు. "కిందికి దించితే మళ్ల ఎక్కదు. నేనీడనే ఉంట, నువ్వు జర సంభాల్‌కే, చూసుకుని పో. ఈ నడుమ కొత్తోళ్లను జూస్తే లొల్లి పెడుతున్నరు." నవ్వేసి, డబ్బాలు రెండు విడతలుగా మోసుకుని దిగాను.

ముందు ఇళ్లన్నీ చూసి, ఎండ పట్టే పలక ఏ వైపు పెట్టాలో తేల్చి, తీగ దిగే చోట గుర్తు పెట్టుకోవాలని కరపత్రంలో ఉంది. డబ్బాలు నల్లా గద్దె మీద పెట్టి, జేబులోంచి ఎర్ర సుద్దముక్క తీశాను. ఒక్కో గుమ్మం పక్కన ఒక అడ్డగీత, ఒక నిలువుగీత, కింద అంకె. మొదటి ఇంటి ముందు రహీంబీ అనే ఆవిడ మల్లెపూలు మాల కడుతోంది. ఆ మాలలే ఆ ఇంటి తిండి.

"ఏం రాస్తున్నవ్ భాయ్?" అని అడిగింది.

"సర్వే అక్కా. మీ మంచికే," అన్నాను, తల తిప్పకుండానే.

ఆమె చేతిలో దారం ఆగిపోయింది. నేను సాగిపోయాను. వెళ్లేకొద్దీ బస్తీ నిశ్శబ్దమైంది. ఎక్కడో మోగుతున్న రేడియో ఆగింది. గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది. వీపు మీద చూపులు తగులుతున్నాయి. చివరి ఇంటికి గీత గీసి వెనక్కి తిరిగాను.

అప్పుడు ఇనుము కీచుమంది. రహీంబీ గోడెక్కి తన ఇంటి పైరేకులు తనే పీకుతోంది! ఒకటి అప్పటికే నేల మీద ఉంది. లోపల మంచం మీద ఆమె అత్త కనిపిస్తోంది, ముసలావిడ. నిమ్ము చేసిందట, దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. పక్కిళ్లలోనూ మూటలు కడుతున్నారు. పైన వాన తయారుగా ఉంది.

"పిచ్చా మీకు? ఎందుకు పీకుతున్నారు?" అని అరిచాను. ఆ అరుపుతో పని మరింత చెడింది. అఫ్జల్‌గంజ్‌లో హమాలీ పని చేసే యాదన్న గడ్డపార పట్టుకుని ఎదురొచ్చాడు. వెనకాలే పది మంది.

"ఎంత టైమిచ్చిన్రు సారూ? రేపటిదాంకనా, ఇయ్యాల్నేనా?"

"దేనికి టైము?"

"మెషీను ఎప్పుడొస్తదని అడుగుతున్న."

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. అంతకుముందు ఒకసారి ఎవరో వచ్చి ఇదే చోట, ఇదే రంగుతో గుర్తులు పెట్టి, సర్వే అని, మీ మంచికే అని చెప్పి వెళ్లారట. తెల్లారి ఇళ్లు కూల్చే యంత్రం వచ్చింది. ముందే రేకులు దించుకున్నవాళ్లకు రేకులైనా మిగిలాయి. మిగతావాళ్లకు అవీ లేవు.

"నేను ఏ ఆఫీసువాణ్ణీ కాదండీ!"

"అప్పుడొచ్చినాయన గూడ గిట్లనే అన్నడు. నీ మాటే ఆఫీసోళ్ల మాట లెక్కుంది."

నాన్న ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చిన కుటుంబం మాది. నోరు తెరిస్తే ఆ యాసే వస్తుంది. ఇంకేం మాట్లాడాలన్నా భయమేసింది. చుట్టూ వలయం బిగిసింది. వెనక ఏరు, ముందు గడ్డపార. తొలి చినుకు నా మెడ మీద పడింది. పైనుంచి రహీంబీ, "లొల్లి తర్వాత పెట్టుకోండ్రి! అమ్మీ తడుస్తున్నది, బ్రిడ్జి కిందకు మోయుండ్రి!" అని అత్తను చూపిస్తూ కేక వేసింది. ఆ దగ్గుతో, ఆ వానలో ముసలావిడను బయటికి మోస్తే ఏమవుతుందో అక్కడ అందరికీ తెలుసు.

గొడవ విని ఖాజా భాయ్ రొప్పుకుంటూ దిగొచ్చాడు. యాదన్న అతనికి అఫ్జల్‌గంజ్‌లో తెలిసినవాడే. "అరే యాదన్నా, ఆగు! సర్కారోళ్లు ఆటోల వస్తరా? జీపుల వస్తరు. ఈయన పది రూపాలకు నాతోని కొట్లాడిండు!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ సందు చూసుకుని నల్లా గద్దె దగ్గరికి పరిగెత్తి ఒక డబ్బా చింపి, కొట్టువాడు ఛార్జి చేసిచ్చిన లాంతరు తీసి మీట నొక్కాను. మబ్బు చీకట్లో తెల్లగా వెలిగింది. యాదన్న దాన్ని అందుకుని, కిందా మీదా తిప్పి చూసి, గడ్డపార గోడకు ఆనించాడు.

"గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా, బేవకూఫ్?"

యాదన్న, నేను కలిసి రహీంబీ ఇంటి రేకు మళ్లీ పైకి ఎత్తాం. ఏటి గాలికి అది తెరచాపలా లేచి నన్ను గోడ మీంచి లాగేయబోయింది. కింద ముసలావిడ మీద ఇద్దరు ఆడవాళ్లు ప్లాస్టిక్ పట్టా పట్టుకుని నిలబడ్డారు. రేకు అంచుకు నా అరచెయ్యి తెగింది. రేకు లేవకుండా దాని మీద చివరి రాయి పెట్టేసరికి వాన కుండపోతగా దిగింది. లోపలికి దిగి, లాంతరు మంచం పక్కన పెట్టాను. ఆ వెలుగులో ముసలావిడ నా మొహం చూసి అటు తిరిగి పడుకుంది. రహీంబీ కొంగు తడిపి మొదట గుమ్మం పక్కన గీత తుడిచేసింది.

వాన వెలిశాక పలక బిగిద్దామని మొలలు, సుత్తి తీశాను.

"మొల కొట్టకు తమ్మీ," అంది రహీంబీ.

"కొట్టకపోతే గాలికి పోతుంది అక్కా."

"తాడు గట్టు. ఒక్క గుంజుడుకు ఊడాలె. మేం ఉరికితే ఇది గూడ మాతోని ఉరకాలె."

యాదన్న తన మూటలోంచి నారతాడు తెచ్చాడు. దీపాలు పెట్టే వేళకు అన్ని పలకలూ తాళ్లతోనే నిలబడ్డాయి. ఖాజా భాయ్ వెయిటింగు కలిపి వంద తీసుకున్నాడు. ఈసారి బేరమాడలేదు.

చీకటికి భయపడేవాళ్ల దగ్గరికి దీపాలు తీసుకెళుతున్నాననుకున్నాను. వాళ్ల భయమంతా పట్టపగలు చేతిలో సుద్దముక్కతో వచ్చేవాళ్లంటే. ఆ పూట అలా వచ్చినవాణ్ణి నేనే. మా దీపాలు ఆ భయాన్ని తీర్చలేదు. ఆ రాత్రి కూడా కొన్ని మూటలు విప్పలేదని యాదన్న తర్వాత చెప్పాడు.

వెళ్లేవాళ్లకు ఒక్క సూచన. మొలల బదులు నారతాడు తీసుకెళ్లండి, అఫ్జల్‌గంజ్‌లో చవగ్గా దొరుకుతుంది. ముడి మాత్రం మీరు వేయకండి. ఇంటివాళ్లనే వేయనివ్వండి, విప్పుకోవాల్సి వస్తే విప్పేది వాళ్లే.