మేడమీద గది తాళం

నేను కెనడాలో, టొరంటో పక్కనున్న ఏజాక్స్‌లో దిగిన రోజే ఇంటి ఓనరు అంకుల్ డ్రిల్లింగ్ మెషీన్ తెచ్చి నా గది తలుపుకి కొత్త తాళం బిగించారు. “ఆడపిల్లవి, కొత్త ఇల్లు. లోపలుంటే గడియ వేసుకో, బయటికెళ్తే తాళం వేసుకుని వెళ్ళు” అన్నారు. ఇంత మంచి ఓనర్లు దొరికారని ఆ సాయంత్రమే కరీంనగర్‌కి ఫోన్ చేసి అమ్మకి చెప్పి మురిసిపోయాను.

అవి స్టూడెంట్లు విమానాలకి విమానాలు దిగుతున్న రోజులు. బేస్‌మెంట్లలో మంచం పట్టేంత చోటు కోసం కూడా పోటీ. నా క్లాసులో కొందరు సూట్‌కేసు పూర్తిగా సర్దుకోకముందే ఇంకో ఇంటికి మారిపోయేవాళ్ళు. అలాంటి రోజుల్లో నాకు మేడమీద కిటికీ ఉన్న గది దొరికింది. సీలింగ్ నిండా దీపం ఆర్పితే మెరిసే ప్లాస్టిక్ నక్షత్రాలు. అవి ఎవరివని అడగాలని కూడా నాకు తోచలేదు.

వాళ్ళ కూతురివి. ఒక్కతే కూతురు, హైస్కూల్లో చదువుతోంది. ఇంటి లోను వడ్డీ పెరిగేసరికి బేస్‌మెంట్ అద్దె చాలక, ఆ పిల్ల గది నాకిచ్చి పిల్లని ఆంటీ గదిలోకి మార్చారు. అంకుల్ హాల్లో సోఫా మీదికి చేరారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారే, అలాగ. దానం పుచ్చుకున్నదాన్ని నేను.

మొదటి వారంలో ఆ పిల్ల ఛార్జర్ కోసం గదిలోకి వచ్చింది. ఛార్జర్ తీసుకుని వెళ్ళిపోకుండా తలుపు దగ్గర నిలబడి, తాళాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది.

“నేను టూ ఇయర్స్ నుంచి అడుగుతున్నా అక్కా. నీకు ఒక్క రోజులో పెట్టేశారు. మీ ఇంట్లో నీ రూమ్‌కి లాక్ ఉండేదా?”

“మా ఇంట్ల నాకు రూమే లేదు. ముగ్గురం హాల్లనే పండుకునేటోళ్ళం” అని నవ్వాను. అదేదో పెద్ద జోకు అనుకున్నాను. ఆ పిల్ల నవ్వలేదు.

ఆంటీ చెడ్డ మనిషని ఎవరైనా అంటే నేను ఊరుకోను. నాకు జ్వరమొస్తే మిరియాల చారు కాచి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిన మనిషి ఆవిడ. కానీ కూతురి దగ్గర మాత్రం ఒకటే పాట. “మన ఇళ్ళల్లో పిల్లలు తలుపులేసుకోవడం ఏంటమ్మా? కన్నతల్లికి తలుపేంటి? నేనేమైనా దొంగనా?” కూతురు స్నానం చేసి బట్టలు మార్చుకుంటున్నా సరే, ఇస్త్రీ బట్టల దొంతరతో నేరుగా లోపలికి వెళ్ళిపోయేది. నా గదికి టీ తెచ్చినప్పుడు మాత్రం బయటే ఆగి, రెండు వేళ్ళతో మెల్లగా తట్టి, “రావచ్చా అమ్మా?” అని అడిగేది. ఎదుటి గదిలోంచి ఆ పిల్ల ఇదంతా చూసేది.

ఆ పిల్లకి పదహారు నిండాయి. కేకు కోశారు, పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. కొన్నాళ్ళకి ఆ పిల్ల స్కూలు బ్యాగూ ఇంకో సంచీ పట్టుకుని ఫ్రెండ్ వాళ్ళింటికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆంటీ పోలీసులకి ఫోన్ చేసింది. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారట. పాప క్షేమంగా ఉంది, పదహారు నిండాయి కాబట్టి ఇక్కడి చట్టం ప్రకారం తనంతట తాను ఇల్లు వదిలి ఉండొచ్చు, బలవంతంగా తీసుకురాలేం, వద్దంటే అడ్రస్ కూడా చెప్పలేం అన్నారట.

“కన్నదాన్ని నేను! నాకు అడ్రస్ చెప్పరంట!” అంటూ ఆవిడ వంటింట్లో కూలబడి ఏడ్చింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారని నాకు ఒళ్ళు మండింది. అడిగిన రోజునే తలుపుకి నాలుగు స్క్రూలు బిగిస్తే ఏం పోయేది? ఆవిడ ఏడుస్తుంటే ఆ మాట ఎలా అంటాను?

చర్చిలో మాత్రం పాప చదువు కోసం హాస్టల్లో ఉందని చెప్పుకున్నారు. నేను సముద్రాలు దాటి వస్తే ఊరంతా ఎయిర్‌పోర్టు దాకా వచ్చి దండలేసి పంపింది. ఆ పిల్ల నాలుగు బస్టాపుల అవతలికి వెళితే ఇంట్లోవాళ్ళు ఆ మాట నోటితో చెప్పలేకపోయారు. దండలు వేయించుకున్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చివరికి ఆంటీ నన్ను బతిమాలింది. “నీ మాటైతే వింటుందమ్మా, ఒకసారి కలిసి రా.” ఆ పిల్ల స్కూలు దగ్గరి కాఫీ షాపులో కలిశాం.

“నేను రూమ్ ఖాళీ చేస్తా. నువ్వు ఇంటికి రా” అన్నాను.

“రూమ్ గురించి కాదు అక్కా. మమ్మీ నీ డోర్ నాక్ చేస్తుంది. నా డోర్ ఎప్పుడూ నాక్ చేయలేదు.”

కాఫీ చల్లారిపోయింది.

అయినా ఖాళీ చేశాను. టొరంటోకి ఆ చివరున్న మిస్సిసాగాలో నలుగురి మధ్య ఒక పరుపు దొరికితే అక్కడికి మారాను. బయల్దేరే రోజు తాళంచెవి ఇవ్వబోతే ఆంటీ పుచ్చుకోలేదు. బీరువాలో ఉన్న రెండోది కూడా తెచ్చి నా చేతిలో పెట్టింది. “రెండూ దానికే ఇచ్చెయ్. నా దగ్గర ఒకటుందంటే మళ్ళీ నమ్మదు.”

ఆ పిల్ల రెండింటినీ తీసుకుని, ఇంటి తాళంచెవి ఉన్న రింగుకే తగిలించుకుంది. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. ఆ తాళంచెవులు ఏడాది ముందే ఆ చేతిలో పడి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. నేను ఆ ఇంటికి వెళ్ళకపోయినా బాగుండేదని కూడా అనుకుంటాను. కానీ ఆ సీజన్లో నేను కాకపోతే ఇంకో అమ్మాయి దిగేది, అదే తాళం బిగించేవారు.

మొన్న ఈస్టరుకి భోజనానికి పిలిస్తే వెళ్ళాను. ఆంటీ నన్ను మేడమీదికి తీసుకెళ్ళింది. నా పాత గది తలుపు మూసి ఉంది. ముందంతా శుభ్రంగా తుడిచి ఉంది.

“ఒక ఆదివారం మేం చర్చికెళ్ళినప్పుడు వచ్చిందమ్మా. దీనికి తాళమేసి వెళ్ళింది. లోపల దాని వస్తువులు ఉంచిందో, పట్టుకుపోయిందో తెలీదు. అంకుల్ తాళం తీయించేద్దాం అన్నారు. నేను ముట్టుకోనివ్వలేదు. తాళమేసి వెళ్ళిందంటే మళ్ళీ వచ్చేదానికేగా? ఏమంటావ్?”

“అంతే ఆంటీ” అన్నాను.

కిందికి దిగబోతూ ఆవిడ ఆగింది. వెనక్కి వెళ్ళి, ఆ మూసిన తలుపుని రెండు వేళ్ళతో మెల్లగా తట్టి, ఒక్క క్షణం నిలబడింది. నేను చూస్తున్నానని గమనించి కాస్త సిగ్గుపడింది.

“అలవాటు చేసుకుంటున్నానమ్మా” అంది.