ఐదో ముత్తైదువ

మొన్న ఎల్‌బీ నగర్‌లో బంధువులమ్మాయి శ్రీమంతానికి వెళితే, పెళ్లయి పదేళ్లయినా పిల్లల్లేని ఆమె స్నేహితురాలిని అందరికంటే ముందు పిలిచి గాజులు తొడిగించారు, ఎవరూ గుసగుసలాడలేదు. నేను మాత్రం విస్తరి ముందు కూర్చుని కూడా తినలేక, మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ వచ్చేదాకా కరోనా నాటి మా ఇంటినే తలుచుకున్నాను.

అప్పట్లో మా కింది వాటాలో నల్గొండ వైపు దంపతులు అద్దెకుండేవారు. ఆమెకి ముప్పై ఎనిమిదేళ్లు. పిల్లల కోసం ఇదే ఆఖరి ప్రయత్నమనుకుని ఇంజెక్షన్లు తెచ్చుకున్న వారానికే లాక్‌డౌన్ వచ్చి, ఆసుపత్రివాళ్లు చికిత్స ఆపేశారు. మళ్లీ ఎప్పుడో చెప్పలేమన్నారు. వాళ్ల ఫ్రిజ్ పాడై, బాగుచేసేవాడు దొరక్క, ఆ మందుల డబ్బా మా ఫ్రిజ్‌లో పెట్టుకుంది. రోజూ పొద్దున్నే మాస్కు కట్టుకుని పైకొచ్చి, డబ్బా మీది గడువు తేదీ చదువుకుని, "మంచిగనే ఉన్నయ్ ఆంటీ" అంటూ, నిద్రపోతున్న పిల్లల్ని చూసి వెళ్తున్నట్టు మెల్లగా తలుపు వేసి వెళ్లేది.

పదో తరగతితో చదువు ఆగినా, మా పేట గ్రంథాలయంలో ఆరోగ్యం పుస్తకాలన్నీ చదివానన్న గర్వం నాకు. ఆమె మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, ఇందులో నీ తప్పేమీ లేదమ్మా అని అవన్నీ విడమరిచి చెప్పేదాన్ని. "గిట్ల ఎవ్వరు చెప్పలే ఆంటీ నాకు. మా అత్తయితే నా ఫోనే ఎత్తదు," అనేది.

ఆ రోజుల్లోనే పుట్టింటికొచ్చిన మా అమ్మాయికి ఇంట్లోనే శ్రీమంతం చేశాం. ఐదుగురు ముత్తైదువలు కావాలి. నేను, మా తోడికోడలు, పక్కింటి అత్తాకోడళ్లు కలిసి నలుగురమే అయ్యాం. "కింద అక్క ఉందిగా అమ్మా?" అంది మా అమ్మాయి. "వద్దులేవే, చూస్తే ఆ పిల్ల బాధపడుతుంది," అన్నాను. అది జాలి అని ఆ పూట నేను నిజంగానే నమ్మాను. బెజవాడలో ఉన్న మా చెల్లెల్ని వీడియోలో పిలిచి, ఫోన్‌ని గంధం గిన్నెకి ఆనించి, దాని అద్దానికే బొట్టుపెట్టి ఐదో ముత్తైదువ అనిపించాం. పద్నాలుగు మెట్ల కింద మనిషి ఉండగా!

మర్నాడు ఆమె గడప దాటి లోపలికి రాలేదు.

"నా డబ్బ ఇయ్యుండ్రి ఆంటీ జర."

"ఎక్కడ పెడతావమ్మా, ఈ ఎండల్లో?"

"నీళ్ల కుండ పక్కకు పెట్టుకుంట." మాస్కు సరిచేసుకుని, "నిన్న పాటలు మంచిగ వినొచ్చినయ్. నేను కిందనుంచే అక్షింతలేసిన ఆంటీ. చెల్లె సల్లగుండాలె," అంది.

డబ్బాకి పట్టిన తడి పైటతో తుడిచి అందించాను. క్షమించమని మాత్రం అడగలేదు. లాక్‌డౌన్ సడలగానే వాళ్లు చంపాపేట్ వైపు మారిపోయారు.

ఇప్పుడు రోడ్డు పొడుగునా సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులే. ఆడపిల్లలు మెట్రోలో నిలబడి చికిత్స సంగతులు బెరుకు లేకుండా మాట్లాడుకుంటున్నారు. వింటుంటే సంతోషమే, ఆ వెంటనే గుండె బరువెక్కుతుంది. చంపాపేట్ బజారుకి వెళ్లినప్పుడల్లా ఆ వయసు ఆడవాళ్ల మొహాలు వెతుకుతుంటాను. పిల్లలు పుట్టారా అని అడగడానికి కాదు. మా ఇంటికి పేరంటానికి రమ్మని, ఒక్కసారి బొట్టుపెట్టి పిలవడానికి.