అద్దం మీద సందు చుక్కలు

పోయిన ఏడాది ఆషాఢమాసం, మొదటి శుక్రవారం, ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలు. ఇదంతా మొదలైన సమయం అది. సముద్రపు చేపలు పెంచే ఉప్పునీటి తొట్టిలో లైటు వేయగానే గడియారం చూసుకోవడం నాకు అలవాటు, అందుకే గుర్తుంది.

దయ్యాలంటే నాకు భయం లేదు, ఆసక్తీ లేదు. ముప్పై ఏళ్లు కాలేజీలో జువాలజీ ప్రాక్టికల్స్ చేయించాను. ఫార్మలిన్ సీసాల పక్కనే క్యారియర్ విప్పుకుని అన్నం తిన్నదాన్ని.

భర్తలు పోయాక తిరుపతిలో మా ఇంట్లో ఇద్దరమే ఉండేవాళ్లం, నేనూ, నా తోటికోడలు సరస. ఆ వేసవిలో ఆమెకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మళ్లీ వస్తే మనిషి దక్కడం కష్టమని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఆ మాట నేను సరసకు చెప్పలేదు.

అప్పటిదాకా మా వాకిట్లో ముగ్గు ఆమెదే. నాకు ముగ్గు వేయడం రాదు. బజారు నుంచి ప్లాస్టిక్ స్టిక్కరు తెచ్చి గడప ముందు అంటించాను. సరస దాన్ని చూసి, "ఇది ముగ్గా అక్కా, బిస్కెట్ పొట్లమా?" అని నవ్వింది.

ఆ శుక్రవారం తొట్టి ముందరి అద్దానికి లోపలివైపు తెల్లటి చుక్కలు కనిపించాయి. ఒక్కోటి ఆవగింజలో సగం ఉంది. వాటి చుట్టూ కంటికి ఆనీ ఆనని పురుగులు గెంతుతున్నాయి. భూతద్దం పెట్టి చూశాను. పురుగులు రొయ్యల జాతివి, సముద్రపు రాళ్లతో పాటు వస్తాయి, వాటితో హాని లేదు. చుక్కలు నత్త గుడ్లు. లోపల పిండాలు గిరగిర తిరుగుతున్నాయి. తొట్టిలో ఒక నత్త ఉంది. ఇంతవరకు వింతేమీ లేదు.

నాకు అనుమానం వచ్చింది వాటి వరస చూసి. మధ్య వరసలో ఏడు. దానికి పైనా కిందా ఆరేసి, తర్వాత ఐదేసి, చివర నాలుగేసి. ఒక వరసలోని చుక్క పక్క వరస సందులోకి సరిగ్గా వచ్చింది. సరస చేతికర్ర ఆనించి వంగి చూసింది.

"ఏడు సుక్కలు, నాలుగొచ్చేదాకా సందు సుక్క. ఇది నా ముగ్గే గదక్కా!"

నిజమే. రోజూ వాకిట్లో ఆమె పెట్టిన చుక్కలు అవే.

మొదట సరసనే అనుమానించాను. ఆమె ఎడమచెయ్యి బాగానే ఉంది. పిండం తిరిగే గుడ్డును మనుషులు తెచ్చి అంటించలేరని తెలిసినా అనుమానించాను. బ్లేడుతో అద్దం గీకేసి, తొట్టి మూతకు అడ్డంగా మెతుకులతో దారం అంటించాను. తెల్లవారి చూస్తే దారం అంటించినట్టే ఉంది. చుక్కలు మళ్లీ వచ్చి ఉన్నాయి.

తర్వాత తొట్టికి చేపలూ రాళ్లూ అమ్మిన బాషాను అనుమానించాను. రాళ్లలో ఇంకా నత్తలు పెట్టి పంపాడేమోనని పిలిపించాను. అతను రాళ్లన్నీ ఎత్తి చూశాడు.

"ఉండేది ఒకటేనమ్మా. ఇట్ల లైన్లో పెట్టేది నేను యాడా సూళ్లేదు," అన్నాడు. ఆ ఒక్కదాన్నీ తీసుకుపొమ్మన్నాను. మర్నాడు చుక్కలు వచ్చాయి.

"నత్తను పంపిచ్చేస్తివి. ఇంగ ఎవురి మింద కేసు పెడతావక్కా?" అంది సరస.

రోజూ గీకేశాను. రోజూ వచ్చాయి. శ్రావణంలో ఒకనాడు అద్దం ఖాళీగా ఉంది. నత్త లేక గుడ్లు ఆగాయి, నా లెక్క తేలిందని సంతోషపడ్డాను. సరస ముఖం మాత్రం మాడిపోయింది.

"ముగ్గు పెట్టలేదంటే సావు కబురుండాదక్కా."

"నత్తగుడ్లకు మైలేంది సరసా, నోరు మూసుకో," అన్నాను.

కాఫీ తాగేలోపు వడమాలపేట నుంచి ఫోను వచ్చింది. మా ఇద్దరికీ బావగారు, మా భర్తల అన్న, రాత్రి నిద్రలోనే పోయారు. ముందురోజు దాకా ఏ జబ్బూ లేదు.

మైల ఉన్నన్నాళ్లూ అద్దం మీద ఒక్క చుక్క లేదు. గడప ముందు స్టిక్కరు తీయాలని నాకు తోచనే లేదు. పరామర్శకు వచ్చిన ఒకావిడ, "సావింట్లో ముగ్గేందమ్మా?" అని చూపించేదాకా అది అక్కడే ఉంది. పెద్దకర్మ అయిన మర్నాడు తొట్టిలో చుక్కలు వచ్చాయి.

అప్పటినుంచి గీకడం మానేశాను. లేవగానే ముందు అద్దం చూసేదాన్ని. చుక్కలుంటేనే పొయ్యి వెలిగించేదాన్ని. డాక్టరు మాట నేను దాచినా సరసకు తెలిసినట్టే ఉంది. మంచం మీంచే అడిగేది.

"సుక్కలుండాయా అక్కా?"

"ఉండాయిలే."

"అయితే ఈపొద్దు నాకు కాఫీ ఉన్నట్టే."

మార్గశిరంలో ఒక బుధవారం అద్దం ఖాళీగా ఉంది.

నేను ఫోను ముందు కూర్చున్నాను. గూడూరులో పెద్ద వయసు వాళ్లు ఎవరున్నారు, నాయుడుపేటలో ఎవరున్నారు అని ఒక్కొక్కరినే తలచుకున్నాను. వాళ్లలో ఎవరిదైనా కబురు రావాలని కోరుకున్నాను కూడా. ఫోను మోగలేదు. పక్క గదిలోంచి ఆ ప్రశ్నా రాలేదు. చాలాసేపటికి కాఫీ కలిపి తీసుకెళ్లాను. సరస గోడవైపు తిరిగి పడుకుని ఉంది. భుజం తాకితే చల్లగా తగిలింది.

ఆమె కర్మలు ముగిసిన మర్నాడు చుక్కలు తిరిగి వచ్చాయి. ఇప్పటికీ వస్తున్నాయి. ఫోటో తీసి, నాతో పనిచేసిన జువాలజీ లెక్చరర్ ఒకరికి చూపించాను. నత్త గుడ్లేనన్నారు. కాసేపు చూసి, "వరసగా ఎవరు పేర్చారు?" అని అడిగారు. తొట్టిలో నత్త లేదని చెప్పాను. నీళ్లలో ఉప్పు ఎప్పుడూ ఉండేంతే ఉంది. చేపలు రెండూ బాగున్నాయి. ఇది ఏమిటో నాకు తెలియదు. పొద్దున చుక్కలున్నాయా అని అడిగేవాళ్లు మాత్రం ఇంట్లో లేరు.

పోయినవి: నత్త ఒకటి. బావగారు. సరస. స్టిక్కరును ఈ లెక్కలో చేర్చలేదు, దాన్ని నేనే పీకేశాను.