ఎండమావే అన్నాను

ఓడలో మూడు రోజులు ప్రయాణం చేసి, జనవరిలో ఆ దీవిలో దిగాం. రేవు నుంచి లారీలో గంటన్నర. తర్వాత నాలుగు గంటల కాలినడక. వీపు మీద ఇరవై రెండు కిలోలు, చేతిలో రైఫిలు. సాయంత్రం నాలుగింటికి పోస్టు చేరాం. కొండ వీపు మీద రెండు రేకుల షెడ్లు, ఒక బంకరు, ఒక యాంటెన్నా. ఎడమ వైపు అడవి. కుడి వైపు ఏడొందల అడుగుల కింద సముద్రం.

నాది కోడుమూరు పక్క పల్లె. ఆ ఓడ ఎక్కేదాకా నేను సముద్రం చూసినవాణ్ని కాను.

రోజు విడిచి రోజు గస్తీ. ఐదుగురం. పొద్దున ఐదుంబావుకి బయల్దేరి, కొండ వీపు వెంబడి ఉత్తరం కొసకి తొమ్మిది కిలోమీటర్లు నడిచి, మధ్యాహ్నం రెండింటికల్లా వెనక్కి రావాలి. ముందు హవల్దారు, పులివెందుల వైపు మనిషి. మూడోవాణ్ని నేను. బైనాక్యులర్ నా మెడలో ఉండేది. చివర రేడియో ఆపరేటరు, కేరళలో చేపలు పట్టేవాళ్ల బిడ్డ. సగం దారి దాటితే సెట్టుకి సిగ్నల్ అందదు. అందుకని ఆయన్ను ఒక గుట్ట మీద వదిలి మేం నలుగురం ముందుకు పోయేవాళ్లం. అక్కడ చెట్లు అడ్డం, సముద్రం కనబడదు.

తెల్లవారేసరికి మబ్బు మా కాళ్ల కింద ఉండేది, ఏకిన దూదిలాగా. దాని పైన నడుస్తుంటే కొండ కూడా మాతో కదులుతున్నట్టుండేది. ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. కలలో నడిచినట్టు రెండేసి గంటలు గడిచిపోయేవి. నిజం చెప్పాలంటే, నా సర్వీసులో అంత సుఖంగా నేనెప్పుడూ లేను.

ఏ రాతి సందు చూసినా నీళ్లే. అయినా నేను రెండో సీసా మూత తీసేవాణ్ని కాను.

"ఏమప్పా, ఈడ గూడా నీళ్లు దాసుకుంటాండావా?" అని హవల్దారన్న నవ్వేవాడు. ఆయన రెండో సీసా కూడా నిండుగానే ఉండేది.

మార్చిలో ఒక రోజు, బయల్దేరే ముందు రేడియోలో ఆర్డరు వచ్చింది. ఇద్దరు మనుషులతో చేపల పడవ ఒకటి రెండు రోజులుగా తిరిగి రాలేదు. సముద్రం మీద కన్నేసి ఉంచండి.

ఆ రోజు గాలి లేదు. ఎండ చుర్రుమంటోంది. ఉత్తరం కొసలో కొండ బాగా దిగిపోతుంది, ముప్పై అడుగుల కిందే అలలు. తొమ్మిదీ నలభైకి అక్కడ ఆగి బైనాక్యులర్ ఎత్తాను. దూరంగా మెరుస్తున్న ఒక చార. ఆ చార పైన, నీళ్లకు అంటకుండా, నల్లటిదేదో వణుకుతోంది. పొడుగవుతోంది, పొట్టిదవుతోంది.

నాకు నవ్వొచ్చింది. వేసవిలో పత్తికొండ రోడ్డు మీద బస్సు ఇట్లాగే తేలుతూ వస్తుంది. చిన్నప్పటి నుంచీ చూసిందే.

"ఎండమావే అన్నా," అన్నాను.

హవల్దారన్న కూడా చూశాడు. "అవునప్పా. మన సేన్లల్లో ఉండేదే గదా. పాండి," అన్నాడు.

పదకొండున్నరకి గుట్ట దగ్గరికి వచ్చాం. ఏమైనా కనిపించిందా అని రేడియో ఆపరేటరు హిందీలో అడిగాడు. ఎండమావి తప్ప ఏమీ లేదన్నాను.

"అందులో ఏం కనిపించింది?"

"నల్లగా ఏదో."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "మీ ఊళ్లో దారి మీద నీళ్లు కనబడతాయి కదా. ఆ నీళ్లలో చెట్టు కనబడితే, అక్కడ చెట్టు ఉంటుందా, ఉండదా?"

ఉంటుంది. మా ఊళ్లో అబద్ధం నీళ్లే. చెట్టు ఎప్పుడూ నిజమే. ఆయన అప్పటికే సెట్టు అందుకున్నాడు.

ఒంటి గంటకి రక్షణ పడవ ఆ చేపల పడవ దగ్గరికి చేరింది. ఒక్క మనిషే దొరికాడు.

మర్నాడు ఆయనతో మాట్లాడాలని నన్ను కిందికి పంపారు. తెలుగువాడు, శ్రీకాకుళం నుంచి వలస వచ్చి దీవిలో స్థిరపడ్డాడు. ఆయన చెప్పేది నేను ఆఫీసరుకి హిందీలో చెప్పాలి.

"ఇంజిను పాడైపోనాది బాబూ. నిన్న పొద్దుట కొండ మీద మిమ్మల్ని సూసినాం. నలుగురు వరసగా ఎల్తన్నారు. సొక్కా ఇప్పి ఊపినాం. మీరాగినారు. మా ఏపే సూసినారు. మా తమ్ముడు సంబరపడిపోనాడు. మల్లీ ఎల్లిపోనారు. ఆడేమో, మనం ఆల్లకి కనబడనేదు అన్నా, ఈదుకెల్లి పిలుస్తాను అన్నాడు. దూకీసినాడు."

ప్రతి మాటా ఆఫీసరుకి చెప్పాను. ఆగి చూసింది నేనేనని కూడా చెప్పాను. తర్వాత అదే ఆ అన్నకి తెలుగులో చెప్పాను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వేటి సేస్తావు బాబూ," అన్నాడు.

తమ్ముడి కోసం రెండు రోజులు వెతికారు. దొరకలేదు.

అక్టోబరులో మా బదులు వేరేవాళ్లు వచ్చారు. డోన్‌లో రైలు దిగి బస్సులో ఊరు చేరాను. రాగానే నా భార్య అడిగింది. "సముద్రం సూసినావు గదా, ఎట్టుంటాది?"

"శానా పెద్దగుంటాది," అన్నాను. అంతకు మించి ఈ రోజుకీ ఆమెకు ఏమీ చెప్పలేకపోయాను.

సైన్యం వదిలి ఆరేళ్లయింది. ఆ కొండని నేను ఇప్పుడు పైనుంచి చూడలేను. కళ్లు మూస్తే ఎప్పుడూ కింద నుంచే, నీళ్లలో ఈదుతున్న మనిషికి కనబడినట్టే కనబడుతుంది. అంచు మీద నలుగురు వరసగా పోతున్నారు. మూడోవాడి వీపు నాది. పిలుస్తూనే ఉంటాను. వాడు నడుస్తూనే ఉంటాడు.