ఇత్తడి తీగతో ఆర్.ఎన్.ఏ. మోచెయ్యి

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడాది నేను మచిలీపట్నంలో పిన్ని వాళ్ళింట్లో ఉండి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదివేదాన్ని. మాది కోడూరు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకమని అమ్మ నన్ను తిడుతుండేది. ఆ ఏడాది మా డిపార్టుమెంటు హెడ్డు, మాకు పాఠం చెప్పే మాస్టారితో కూడా గొడవ పెట్టుకున్నాను. గొడవ మార్కుల గురించి కాదు, ఆర్.ఎన్.ఏ. ఆకారం గురించి.

కణంలో ప్రోటీను తయారయ్యే చోటికి ముడిసరుకు మోసుకెళ్ళే చిన్న ఆర్.ఎన్.ఏ. ఒకటుంది. పూసల దండలాంటి ఒంటిపేట తన మీద తానే మడతపడి, మూడుచోట్ల లూపులు తిరుగుతుంది. మా పాఠ్యపుస్తకంలో దాన్ని మూడాకుల బొమ్మగా వేశారు, అచ్చం పులిచింతాకే. మాస్టారు ఏటా బోర్డు మీద ఆ ఆకే గీసేవారు. లైబ్రరీకి నెలల ఆలస్యంగా వచ్చే ఓ విదేశీ సైన్సు పత్రికలో నేను వేరే బొమ్మ చూశాను. అందులో ఆకు లేదు. మోచేతి దగ్గర వంచిన చెయ్యిలా ఉంది. ఆ మోచేతి దగ్గర రెండు లూపులు ఒకదాన్నొకటి పట్టుకుని, వంపు విడిపోకుండా కాస్తున్నాయి.

గుడివాడలో జరిగే కాలేజీల ఎగ్జిబిషనుకి మా డిపార్టుమెంటు నుంచి ఒక్క మోడలే వెళ్ళాలి. ప్లైవుడ్డు మీద మూడాకులు అతికించి పంపుదామన్నారు మాస్టారు. నేను లేచి, అది ఆకు కాదండీ, వంగిన మోచెయ్యండీ అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

“శుక్రవారం మధ్యాహ్నానికి నీ చెయ్యి ఊతం లేకుండా నిలబడాలి. నిలబడిందా, అదే వెళ్తుంది. లేదంటే ఆకే వెళ్తుంది, ఇంకెప్పుడూ ఈ మాట నా క్లాసులో ఎత్తకూడదు.”

ఆ చివరి ముక్క నాకు ముల్లులా గుచ్చుకుంది. నాకు తెలిసిన నిజాన్ని నోట్లో పెట్టుకుని మింగెయ్యమంటే ఎలా?

పిన్ని వాళ్ళ పక్కింట్లో రోల్డుగోల్డు నగలు చేసే సాయిబుగారు ఉండేవారు. వచ్చిన కొత్తలోనే ఆయన్ని మావయ్యా అని పిలవడం అలవాటైంది. ఆయన ఇత్తడి తీగ, రేకు ముక్కలు ఇచ్చి, తన బల్ల మీదే చోటిచ్చారు. తీగని ఒంటిపేటగా వంచి, పూసలకి బదులు రేకు ముక్కలు అతికించాను. ఒక కొసని చెక్కలో నిలువుగా దిగేసి, రెండోదాన్ని చెయ్యి చాపినట్టు పక్కకి వంచాను. మోచేతి దగ్గర రెండు లూపుల్నీ దారంతో కట్టాను. వదిలానో లేదో, చెయ్యి తోటకూర కాడలా వేలాడిపోయింది. దారం తీసేసి టంకం పెట్టించాను. నిలబడింది కానీ, వేలు తగిలితే చాలు ఊగడం మొదలెట్టింది. గురువారం సాయంత్రానికి ఊగి ఊగి టంకం విరిగి, చెయ్యి బల్ల మీద పడింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, అక్కడే ఏడ్చాను.

మావయ్య నన్నేమీ ఓదార్చలేదు. విరిగిన టంకాన్ని వేలితో తడిమి చూశారు.

“లోలాకు చేశావమ్మా నువ్వు. లోలాకు ఒక్క రింగుకి వేలాడుద్ది, ఊగాలనే అట్టా చేస్తాం. ఊగకూడదంటే పళ్ళ సందున పళ్ళు దూర్చాలి. నీ పుస్తకంలో ఎట్టా ఉందో సరిగ్గా చూశావా?”

చూశానని కోపంగా అన్నాను. అని, లైబ్రరీ నుంచి అడిగి తెచ్చుకున్న పత్రిక తెరిచాను. బొమ్మలో పూసల్ని పలకల్లా గీశారు; ఒక లూపు తాలూకు పలకలు రెండో లూపు పలకల సందుల్లోకి దూరి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉన్నాయి. ముడి లేదు, అతుకు లేదు. అన్నీ చిన్న చిన్న పట్లే, కానీ ఒకదాన్ని కదలకుండా ఇంకొకటి ఆపుతోంది. ఇన్నాళ్ళూ ఆ బొమ్మని కళ్ళప్పగించి చూసి, రెండు లూపులు తాకితే చాలనుకున్నాను. గుడ్డిదాన్ని. గబగబా రేకులు సన్నగా కత్తిరించి, వేళ్ళలో వేళ్ళు పెట్టినట్టు సందుల్లోకి తోశాను. చేతులు తీసేశాను. చెయ్యి అలాగే నిలబడింది. ఊదినా కదల్లేదు. మావయ్య కంటే ముందు నేనే చప్పట్లు కొట్టేశాను.

శుక్రవారం మాస్టారు బల్ల కదిపి చూశారు, సముద్రం వైపు కిటికీ తెరిచి గాలికి పెట్టారు. చెయ్యి కదల్లేదు. “సరే, తీసుకెళ్దాం” అని మాత్రం అన్నారు. మెచ్చుకుంటారేమో అని గుమ్మం దాకా ఆశగా చూశాను. వెళ్ళిపోయారు.

మర్నాడు గుడివాడ బస్సులో దాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకున్నాను. ఎగ్జిబిషన్లో జడ్జిగా వచ్చిన ప్రొఫెసరు మా బల్ల దగ్గర ఆగి, నన్ను కాదని మాస్టారినే అడిగారు. పుస్తకాల్లో మూడాకులుంటే మీరిదేమిటండీ తెచ్చారు, అని. పిల్ల సరదాపడిందండీ అని ఆయన ఒక్క మాటంటే నా పని అక్కడితో సరి.

“నేనూ ఆకేనని చెప్పానండి. పొరపాటు నాది” అన్నారు మాస్టారు. “ఈ అమ్మాయి చెబుతుంది, వినండి.”

ఆ మాటకి నా కళ్ళు చెమర్చాయి. మాస్టారి ఆకు అబద్ధం కాదండీ, అది మడతపెట్టని చీర, ఇది మడతపెట్టిన చీర, అన్నాను ముందుగా. ఆ తర్వాత ఒక లూపుని మెల్లగా వెనక్కి లాగాను. చెయ్యి చప్పున వాలిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు అయ్యయ్యో అన్నారు. మళ్ళీ పలకల్ని సందుల్లోకి దూర్చి చేతులు తీసేశాను. నిలబడింది. ప్రొఫెసరు వంగి చూసి, ఇంకోసారి చెయ్యమ్మా అన్నారు. ఆయన వెనకాల అప్పుడే జనం చేరారు. ఆ రోజు బల్లలు ఎత్తేసేదాకా, అడిగినవాళ్ళందరికీ, గొంతు బొంగురుపోయేలా చెబుతూ, దాన్ని పడగొడుతూనే ఉన్నాను, నిలబెడుతూనే ఉన్నాను.