లాస్యకు వచ్చిన సీటు

ఎల్లారెడ్డిలో నిరోష ఉండే వాడకట్టు ఆడోళ్ళందరూ బీడీలు చుట్టేవాళ్ళే. అయినా నిరోష చేతివేగం గురించి వేరుగా చెప్పుకుంటారు. ఆమెకు ఒళ్ళోని బీడీల చాట వంక చూడాల్సిన పని లేదు. వేళ్ళు ఆకు చుడుతుంటే కళ్ళు బిడ్డ వందన పుస్తకం మీద ఉండేవి. పెనిమిటి మహిపాల్ దుబాయిలో ఉంటాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఇద్దరికీ ఒకటే ముచ్చట: వందనకు గురుకులంలో సీటు రావాలి. ఐదో తరగతిలో చేరిందంటే ఇంటర్ దాకా ఇక బెంగ ఉండదు.

తోడికోడలు అరుణజ్యోతి అదే ఇంట్లో అటు పక్క అర్రలో ఉంటుంది. మరిది శేఖర్ షేర్ ఆటో నడుపుతాడు. వాళ్ళ లాస్య, వందన ఒకే ఈడు, ఒకే తరగతి. అసలు లాస్య చేత గురుకులం పరీక్ష రాయించాలన్న ఆలోచన అరుణజ్యోతికి లేనే లేదు. ఒక్కదాన్నే పోనని వందన మొండికేస్తే నిరోషే పోయి అడిగింది.

"లాస్యను గూడ రాయిపియ్యి జ్యోతి. తోడుంటది."

చలికాలమంతా పొద్దుగూకగానే ఇద్దరినీ ఒకే చాప మీద కూచోబెట్టి నిరోషే చదివించింది. వందన తల ఎత్తేది కాదు. లాస్య మాత్రం సగంసేపు ఆకు ముక్కలతో పక్షులు, చేపలు చేసుకుంటూ కూచునేది.

తీరా ఫలితాలు వచ్చేసరికి సీటు లాస్యకు వచ్చింది. అదీ కామారెడ్డిలోనే, ఒక్క బస్సెక్కితే దిగేంత దగ్గర. వందనకు ఎక్కడా రాలేదు.

శేఖర్ జిలేబీ పొట్లం తెచ్చి ముందుగా వదిన చేతిలోనే పెట్టాడు. నిరోష ఒక ముక్క నోట్లో వేసుకుంది. "మంచిగైంది" అని లోపలికి పోయి చాట ముందర కూచుంది. ఆ పూట చుట్టిన బీడీ ఒక్కటీ కుదురుగా రాలేదు. నేను దున్నితే వాళ్ళకు పండింది అనుకుంది. అత్త నర్సవ్వ కిరాణా దుకాణం కాడ "మా చిన్నోని బిడ్డకు సీటొచ్చింది" అని కనబడ్డవాళ్ళకల్లా చెప్తుంటే, "మరి పెద్దోని బిడ్డకు?" అని ఎవరో ఒకరు అడగనే అడిగేవారు. అందుకే నిరోష నాలుగు రోజులు ఆ దుకాణం దిక్కు పోలేదు.

ఆ వారంలోనే అరుణజ్యోతి వచ్చి గడప మీద కూచుంది.

"అక్కా, శుక్రవారం లోపల పోయి చేర్పియ్యాలంట. లేకుంటే సీటు పోతదంట. లాస్యేమో పోనని ఏడుస్తున్నది. నాకేం సమజైతలేదు. నువ్వెట్ల చెప్తే గట్ల చేస్త."

నిరోష తల ఎత్తకుండానే అన్నది. "నేనైతే పంప. దానికింకా జడేసుకునుడు రాదు. పక్క గూడ తడుపుతది గద. అక్కడ పదిమంది పిల్లల నడుమ నవ్వులపాలైతది."

"అది మానేసి రెండేండ్లాయె అక్కా," అంది మెల్లగా. లేవబోతూ మళ్ళీ ఆగింది. "వందనకే వచ్చుంటే పంపకపోదువా?"

నిరోష తంబాకు పోస్తున్నట్టు చాట మీదికి వంగింది.

తర్వాత రెండు రోజులు అటు పక్క అలికిడి లేదు. కొత్త పెట్టె కొన్న జాడ లేదు, బట్టలు సర్దిన జాడ లేదు. నిరోషకు ప్రాణం తేలికైంది. లాస్య చేరకపోతే ఆ సీటు ఖాళీ అవుతుంది, రెండో విడతలో అది వందనకే రావచ్చు. ఆ ఆశతోనే కోడికూర వండి ఒక గిన్నె అటు పంపింది. లాస్యను పిలిచి తల కూడా దువ్వింది.

శుక్రవారం పొద్దున బీడీ కట్టలు ఇచ్చి రావడానికి కార్ఖానాకు పోతుంటే బస్టాండు మలుపులో శేఖర్ ఆటో కనబడింది. వెనక సీట్లో నీలం రంగు రేకు పెట్టె. దాని పక్కన లాస్య, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో బన్ను తింటోంది. అరుణజ్యోతి ఆటో ఆపించి దిగింది.

"పోయొస్తం అక్కా. ముందుగాల చెప్తే నీ మనసు ఇంకింత కష్టపడతదని చెప్పలే."

అందులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. తన లోపల ఏముందో ఆ మనిషికి అంతా తెలుసని నిరోషకు అప్పుడు అర్థమైంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా ఆటో కదిలిపోయాక, ఆ పెట్టె వందనది కాలేదే అన్న బాధే ఆమెను ఎక్కువ కోసింది.

కొన్ని వారాలకు రెండో విడత జాబితా వచ్చింది. వందనకు సీటు వచ్చింది గానీ నస్రుల్లాబాద్ దిక్కు. బాన్సువాడలో దిగి మళ్ళీ బస్సు మారాలి.

"గా మూలకు పంప," అంది నిరోష ఫోన్లో మహిపాల్‌తో. "కామారెడ్డిల వస్తే పంపుత. లేకుంటే ఇక్కడి బడే నయం."

"లాస్యకు అక్కడ రాకపోయుంటే గిదే సీటుకు నువ్వు గంతులేద్దువు," అన్నాడు మహిపాల్.

నిరోష ఫోన్ పెట్టేసింది. ఆ మాట నిజమేనని తెలిసే పెట్టేసింది.

సాయంత్రం అరుణజ్యోతి వచ్చింది. ఈసారి గడప మీద కాదు, పక్కనే చాప మీద కూచుంది. "నువ్వు పంపకు అన్నప్పుడు నేను ఇనలే. ఇయ్యాల నేను పంపుమంటున్న. ఇంటే ఇను, లేకుంటే నీ ఇష్టం. గానీ ఒక్కసారి పిల్లనడుగు."

వందనను అడిగితే ఆలోచించకుండా చెప్పింది. "పోత. లాస్య నాకన్న ముందు పోయింది. దానికన్న ఎక్కువ మార్కులు తెచ్చుకోవాలె. అవి ఏ బడిల ఉన్నా తెచ్చుకోవచ్చు గదమ్మా."

పదేళ్ళ పిల్ల నోట తన మనసే మాట్లాడినట్టయింది నిరోషకు. ముందు భయమేసింది. ఆ వెనకే, దాచుకున్నా ఆగని సంతోషం కలిగింది.

బాన్సువాడ దాకా ఆటోలో దింపుతానని శేఖర్ అన్నాడు. నిరోష ఒప్పుకోలేదు. కొత్త పెట్టె నెత్తిన పెట్టుకుని, బిడ్డ చెయ్యి పట్టుకుని బస్సే ఎక్కింది. కాయితాలు చూసి బడి మేడం వందన పేరు రాసుకున్నాక, నిరోష గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగి చూసింది. వందన అప్పటికే బీబీపేట నుంచి వచ్చిన ఒక పిల్లతో మాటల్లో పడింది. తిరుగు దారి పొడుగునా నిరోష బస్సులో కిటికీ దిక్కు మొహం తిప్పుకునే కూచుంది.

తల్లిదండ్రులను రమ్మన్న మొదటి ఆదివారం తోడికోడళ్ళిద్దరూ కలిసి సర్వపిండి చేసి, చెరొక బస్సు ఎక్కారు. మాపటికి ఇద్దరూ ఇల్లు చేరారు. లాస్య తరగతికి లీడర్ అయిందని అరుణజ్యోతి చెప్పింది.

"అట్లనా," అంది నిరోష. కాసేపాగి, "వందనోళ్ళ బడి గ్రౌండు నువ్వు చూడాలె, ఈ చివర నిలబడితే ఆ చివర మనిషి కానరాడు. కామారెడ్డిల గంత జాగ యాడిది," అంది.

కామారెడ్డి బడి గ్రౌండు ఎంతుందో అరుణజ్యోతి చెప్పలేదు. "అవునా అక్కా," అని చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టింది.