బీరువాలో పదకొండు చీరలు

మొన్న స్టాఫ్ రూంలో, కొత్తగా చేరిన సైన్సు టీచరు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పార్సిల్ విప్పింది. కొత్త చీర వాసన గుప్పుమంది. అందరూ రంగు బాగుందన్నారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఆ వాసన తగిలితే నాకు సరోజిని మేడమే గుర్తొస్తారు. తిరువూరులో మా బళ్ళోనే తెలుగు చెప్పేవారు, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. పాఠం చెప్పడం ఆవిడ దగ్గర నేర్చుకున్నానని మావాళ్ళు అనుకుంటారు. అదేం కాదు. నా చేతిలో డబ్బు ఎందుకు నిలవదో ఆవిడ చెబితే తెలిసింది.

అప్పట్లో చీరలమ్మే ఆవిడ వారానికోసారి, భోజనాల వేళ, మూట పట్టుకుని స్టాఫ్ రూంకి వచ్చేది. వాయిదాల మీద ఇచ్చేది. వద్దు వద్దంటూనే నేనొకటి తీసుకునేదాన్ని. ఇంటికి తీసుకెళ్తే అమ్మ అడుగుతుందని స్టాఫ్ రూం బీరువాలో పరీక్ష పేపర్ల కట్టల వెనకాల దాచేదాన్ని. చూడండి నా తెలివి! కట్టుకునే యోగం లేదు, కొన్నానని చెప్పుకునే ధైర్యమూ లేదు. ఇంట్లో ఉండేది నేనూ అమ్మా. శుక్లం వచ్చి అమ్మకు ఒక కన్ను పూర్తిగా మసకైపోయింది, రెండోదీ అదే దారి పట్టింది. ఉచిత కంటి శిబిరాలంటే అమ్మకు భయం. విజయవాడ తీసుకెళ్ళి ఆపరేషన్ చేయిస్తానని, వచ్చే నెల, వచ్చే నెల అంటూ ఏడాది గడిపాను. ఒకరోజు మజ్జిగనుకుని నా అన్నంలో బియ్యం కడిగిన నీళ్ళు పోసింది. కేకలేశాను. మర్నాడే ఇంకో చీర కొన్నాను. సిగ్గుండాలి నాకు.

పరీక్షలప్పుడు మేడమ్ పేపర్ల కట్ట లాగేసరికి చీరలన్నీ జారి కిందపడ్డాయి. పదకొండు. నా ముఖం మాడిపోయింది. ఆవిడ తలుపు దగ్గరికేసి, నేలమీదే కూర్చున్నారు.

“ఇది ఎప్పుడు కొన్నావే?”

“హెడ్మాస్టరు గారు పిల్లల ముందు నామీద అరిచిన రోజండి.”

“మరి ఈ వంకాయ రంగుది?”

“మా పిన్ని కూతురి పెళ్ళిలో చుట్టాలు, ఇంకా ఈ జీతానికే చేస్తున్నావా అన్నారండీ... ఆ మర్నాడు.”

చెబుతుంటే నాకే వింతగా ఉంది. ధరలు గుర్తులేవు, ఎవరేమన్నారో మాత్రం పొల్లుపోకుండా గుర్తుంది. మజ్జిగ రోజు దగ్గరికొచ్చేసరికి ఏడుపు ఆగలేదు.

“నీకు చీరల పిచ్చి కాదే అమ్మాయ్, మాట పడలేవు, అంతే. ఇకనుంచి ఆవిడ మూట విప్పగానే ముందు నా దగ్గరికి రా. ఇవాళ ఏమైందో చెప్పు. చెప్పాక కూడా కావాలనిపిస్తే కొనుక్కో, నేనాపను” అన్నారు.

నన్ను అడగడానికి ఈవిడెవరని మొదట్లో ఒళ్ళు మండింది. అయినా వెళ్ళి చెప్పేదాన్ని. నా గోడు పూర్తయ్యేసరికి బెల్లు కొట్టేవారు, చీరలావిడ మూట కట్టేసేది. “టీచరమ్మగారూ, నా బేరం చెడగొడుతున్నారండీ” అని చీరలావిడ మూతి ముడిచేది. “నీ బాకీ పైసా ఎగ్గొట్టనివ్వనులేమ్మా” అని మేడమ్ నవ్వేవారు. మడత విప్పని చీరలు వెనక్కి తీసుకోమని ఆవిణ్ణి ఒప్పించింది కూడా మేడమే. ఒకసారి అన్నీ చెప్పుకున్నాక కూడా ఒక చిలకాకుపచ్చ చీర మీద మనసు పోలేదు. “ఇది నిజంగా నచ్చిందే నీకు, కొనుక్కో” అన్నారు. దాన్ని చిరిగేదాకా కట్టాను.

బాకీలు తీరి, ఆపరేషన్‌కి డబ్బు పోగవడానికి రెండేళ్ళు పట్టింది. విజయవాడకు తోడు మేడమే వచ్చారు. మర్నాడు కట్టు విప్పగానే అమ్మ ముందు ఆవిడ వంక చూసి, “మీరేనా సరోజినిగారు? మా అమ్మాయి చెప్పే మాటలు విని ఇంకా ముసలావిడనుకున్నానండీ” అంది. మేడమ్ పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత అమ్మ నావైపు తిరిగి, “చిక్కిపోయావేంటే” అంది. రెండేళ్ళు దాటింది అమ్మ నా ముఖం సరిగ్గా చూసి.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుని పొలాలు చూస్తోంది. ఎ.కొండూరు దాటాక మేడమ్‌ని అడిగాను, నా సంగతి చీరలు చూడగానే ఎలా పసిగట్టారని.

“మా ఇంటి అటక నిండా ఇత్తడి సామానేనే. మా ఆయన పోయాక, పేరంటానికి నన్ను పిలవనప్పుడల్లా ఒకటి కొన్నాను. బిందెలు, గంగాళాలు... ఒంటి మనిషికి గంగాళం ఎందుకు చెప్పు?”

“మరి మిమ్మల్ని ఎవరు అడిగారండీ, ఇవాళ ఏమైందని?”

“ఎవరూ అడగలేదమ్మా” అన్నారు, మామూలుగా.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు నా జీతం నా చేతిలో నిలుస్తోంది. రెండో కంటికీ ఆపరేషన్ చేయించాను, అమ్మ రెండు కళ్ళతో టీవీ చూస్తోంది. కానీ ఒక సంగతి తలచుకుంటే మాత్రం నన్ను నేను క్షమించుకోలేను. మూట వచ్చిన ప్రతి వారమూ ఆవిడ నన్ను అడిగారు. పక్క కుర్చీలోనే కూర్చునేవారు. నేను ఆవిణ్ణి ఒక్కసారీ అడగలేదు.